మజిలీలు: పల్లెదారుల వెంట రోజుల తరబడి నడక

(ప్రసంగానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. సరే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇందాక లోపలికి వస్తుంటే ఒకావిడ నన్ను ఆపి అడిగారు. "కొత్త బూట్లు కొన్నానండీ, వచ్చే వారమే పది రోజుల నడకకి బయల్దేరుతున్నాను, ఏదైనా సలహా చెప్పండి" అని. ఇదిగో, ముందు వరసలోనే కూర్చున్నారు. అమ్మా, మీ ప్రశ్న మర్చిపోలేదు. ఆ బూట్ల దగ్గరికి వస్తాను. కాకపోతే కాస్త చుట్టు తిరిగి వస్తాను.

నేను మాట్లాడబోయేది పొద్దున్నే ఒక గంట చేసే నడక గురించి కాదు. అదీ మంచిదే, కాదనను. నేను చెప్పేది రోజుల తరబడి నడవడం గురించి. ఒక ఊళ్లో నిద్రలేచి, పొలాల మీదుగా, అడవి అంచుల వెంట, ఒక కొండ ఎక్కి దిగి, సాయంత్రానికి ఇంకో ఊరు చేరి, అక్కడ పడుకుని, మర్నాడు మళ్లీ లేచి నడవడం. పది రోజులు, ఇరవై రోజులు. కొందరైతే ఆరు నెలలు. వీపు మీద సంచి, కింద రెండు కాళ్లు.

మనకి మంచి మాట ఒకటుంది. మజిలీ. వెనకటి రోజుల్లో బాటసారుల్ని "ఎంత దూరం?" అని అడిగితే "మూడు మజిలీలు" అనేవాళ్లు. గమనించారా? మజిలీ అంటే నడక కాదు, ఆగే చోటు. నడిచే దూరాన్ని ఆగే చోట్లతో కొలిచారు. నేను ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాను. ఇన్నేళ్లలో ఏం నేర్చుకున్నావయ్యా అని అడిగితే ఇదే చెప్తాను. ఆగడం నేర్చుకున్నాను. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి. నడవడం మనందరికీ ఏడాది వయసు నుంచీ వచ్చు. ఆగడం మాత్రం, నా మటుకు నాకు, చాలా దెబ్బలు తింటే గానీ రాలేదు.

ముందు సుఖం గురించి చెప్తాను. కష్టాలకి ఎలాగూ వస్తాం.

కారులో కిలోమీటరు అంటే ఏముంది? ఒక నిమిషం. కిటికీలోంచి చూసేలోపు అయిపోతుంది. అదే నడిస్తే కిలోమీటరుకి దాదాపు 1,300 నుంచి 1,400 అడుగులు వేయాలి. అందులో ఒక ఎత్తు ఉంటుంది, ఒక పల్లం ఉంటుంది, ఎండలో కొంత, నీడలో కొంత, ఒక కుక్క ఉంటుంది, ఒక వాగు ఉంటుంది. పొద్దున దూరంగా నీలంగా కనిపించిన కొండ మధ్యాహ్నానికి ఆకుపచ్చగా మారుతుంది, సాయంత్రానికి దాని మీద చెట్లు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు, మర్నాడు అది మన వెనక ఉంటుంది. ఆ కొండని మన కాళ్లే వెనక్కి జరిపినట్టుంటుంది. ఈ అనుభవం ఇంకే ప్రయాణంలోనూ నాకు దొరకలేదు.

తెల్లవారుజామున బయల్దేరతాం కదా, దారికి అడ్డంగా సాలీడు దారాలు మొహానికి తగులుతుంటాయి. తగిలాయంటే అర్థమేమిటి? ఆ పూట ఆ దారిన మనమే మొదటివాళ్లం. ఊరు కంటికి కనపడకముందే వాసన వస్తుంది. పొగ వాసన, పశువుల కొట్టం వాసన, కోసిన గడ్డి వాసన. మనం రాకముందే కుక్కలు మన సంగతి ఊరంతా చెప్పేస్తాయి.

ఒకసారి గట్టు మీద కూర్చుని బూటులో పడ్డ రాయి తీసుకుంటున్నాను. కాళ్ల దగ్గర ఒక పేడపురుగు. తనకంటే పెద్ద ఉండని తల కిందకి పెట్టి, వెనక కాళ్లతో తోసుకుంటూ వెనక్కి నడుస్తోంది. చిన్న గడ్డిపరక అడ్డొచ్చింది. ఉండ దొర్లిపోయింది. పురుగు దాని వెంట పరిగెత్తింది, మళ్లీ పట్టుకుంది. ఈసారి తొయ్యలేదు. ఉండ మీదకి ఎక్కింది. ఎక్కి ఒక చుట్టు తిరిగింది, నాలుగు దిక్కులూ చూసుకుంటున్నట్టు. దిగింది. నేరుగా తోసుకుంటూ పోయింది. ఆ పురుగు అలా పైకెక్కి తిరిగేది దిక్కు చూసుకోవడానికేనట. పగలు సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటుంది. చంద్రుడు లేని రాత్రి పాలపుంత వెలుగుని కూడా వాడుకుంటుందని 2013లో శాస్త్రజ్ఞులు చూపించారు. పాలపుంత! పుంత అంటే ఏమిటండీ? పొలాల మధ్య బండి దారి. ఆకాశంలో కూడా మనవాళ్లకి దారే కనిపించింది. నేను ఆ గట్టు మీద పావుగంట కూర్చున్నాను. రాయి తియ్యడానికి అర నిమిషం చాలు. ఆ పావుగంట నాకు ఈ రోజుకీ గుర్తుంది, ఆ రోజు నడిచిన మిగతా దారి గుర్తు లేదు.

ఇక కష్టాలకి వద్దాం.

మూడో రోజు. ఇక్కడ ఎవరైనా మూడు రోజులు వరసగా నడిచినవాళ్లు ఉన్నారా? ఒకరు, ఇద్దరు... అయిదుగురు. మూడో రోజు పొద్దున మంచం దిగడం ఎలా ఉందో వీళ్లని అడగండి. మొదటి రోజు ఉత్సాహం నడిపిస్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. ఇంతేనా అనుకుంటాం. రెండో రోజు పిక్కలు, తొడలు పట్టేయడం మొదలవుతుంది. మూడో రోజు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఎందుకలా? చాలామంది కొండ ఎక్కినందుకు అనుకుంటారు. ఎక్కినందుకు కాదు, దిగినందుకు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గిపోతుంది. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క బిగుస్తూనే ఇంకోపక్క సాగుతుంది, మన బరువుకి బ్రేకు వేస్తూ ఉంటుంది. అందులో కంటికి కనపడనంత చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో పైకి వస్తుంది, ఆ తర్వాత దానంతటదే తగ్గుతుంది. కండరం మరోసారికి సిద్ధపడుతుంది కూడా.

ఇది తెలియకే చాలామంది మూడో రోజు "నా వల్ల కాదు, నా వయసు అయిపోయింది" అని బస్సెక్కేస్తారు. వయసు కాదండీ. మూడో రోజు. అంతే. అందుకే నేను ప్రతిసారీ చెప్తాను, మొదటి మూడు రోజులూ తక్కువ పెట్టుకోండి. పన్నెండు, పదిహేను కిలోమీటర్లు చాలు. మీకు ఓపిక ఉన్నా సరే, అక్కడ ఆగిపోండి. నాలుగో రోజో అయిదో రోజో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గమనిస్తారు, కాళ్ల గురించి ఆలోచించి గంటయింది అని. అప్పట్నుంచి కళ్లు చుట్టూ చూడ్డం మొదలుపెడతాయి.

కానీ పాదాల సంగతి వేరు. కండరం సర్దుకుంటుంది, చర్మం అంత త్వరగా సర్దుకోదు. ఇది నా అనుభవంతోనే చెప్పాలి.

మొదట్లో ఒకసారి నలుగురు స్నేహితులతో వెళ్లాను. రెండో రోజు ఉదయం పదింటికి ఎడమ మడమ వెనక చిన్న వేడి. నొప్పి కాదు. వేడి. ఎవరో వేలితో రుద్దుతున్నట్టు. వాళ్లు ముందు నడుస్తున్నారు, చక్కగా మాట్లాడుకుంటున్నారు. ఆగండ్రా అనడానికి నాకు మొహమాటం. తర్వాతి ఊరు ఆరు కిలోమీటర్లు, అక్కడ చూసుకుందాంలే అనుకున్నాను. ఆరు కిలోమీటర్లంటే ఎన్ని అడుగులు? ఇందాకటి లెక్కన ఎనిమిది వేలు. ఎడమ కాలికి నాలుగు వేలు. నాలుగు వేలసార్లు అదే చోట. ఊరు చేరి మేజోడు తీస్తే బొబ్బ పగిలి చర్మం మేజోడుతో పాటే వచ్చేసింది. ఆ నడక అక్కడితో అయిపోయింది. పది రోజులు అనుకున్నది రెండు రోజులు. వేడి తెలిసినప్పుడే ఆగి ఉంటే అయిదు నిమిషాల పని. ఇన్నేళ్లయినా ఆ అయిదు నిమిషాలు తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బొబ్బ ఎలా వస్తుందో తెలిస్తే ఆగడం తేలికవుతుంది. బూటు పైన గీసుకోవడం వల్లే వస్తుందనుకుంటాం. అసలు జరిగేది లోపల. ప్రతి అడుగుకీ ఎముక కదులుతుంది, పైచర్మం మేజోడుకి అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న పొరలు అటూ ఇటూ లాగబడుతూ లాగబడుతూ చివరికి విడిపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చర్మం చెమ్మగా ఉంటే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, అంటే ఇంకా ఎక్కువ లాగుతుంది. పొద్దున మంచుతో తడిసిన గడ్డిలో అరగంట నడిస్తే చాలు, బూట్లు తడుస్తాయి, ఆ పూటే బొబ్బలు వస్తాయి. కాబట్టి ఏం చేయాలి? వేడి తెలియగానే ఆగాలి. అక్కడే. ఆ చెట్టు కిందే. బూటు విప్పాలి, మేజోడు విప్పాలి, పాదం ఆరనివ్వాలి, ఆ చోట నున్నటి టేపు ముడతల్లేకుండా అంటించాలి, పొడి మేజోళ్లు వేసుకోవాలి. మీ వెంట ఉన్నవాళ్లు ఆగకపోతే... ఆగేవాళ్లతో వెళ్లండి. నిజంగా చెప్తున్నాను. మొహమాటపడాల్సిన చోటు కాదది.

ఒకవేళ బొబ్బ వచ్చేస్తే పైపొర పీకేయకండి. దానికంటే మంచి కట్టు ఏ మందుల షాపులోనూ దొరకదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. రోజుకి ఎంత నడవగలం? 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ఈ రోజుకీ చాలామంది అదే వాడుతున్నారు. చదునైన దారిలో అయిదు కిలోమీటర్లకి ఒక గంట. దానికి తోడు, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. స్పెయిన్‌లో శాంతియాగో పట్టణానికి వెళ్లే పాత యాత్రామార్గం ఉంది. అందులో ఎక్కువమంది నడిచే దారి దాదాపు 780 కిలోమీటర్లు. చాలామంది ఫ్రాన్సు వైపు నుంచి, సాన్-జాఁ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టి పిరెనీస్ కొండలు దాటతారు. ఆ మొదటి రోజు మజిలీ సుమారు 25 కిలోమీటర్లు, ఎక్కాల్సింది దాదాపు 1,250 మీటర్లు. లెక్క వేయండి. పాతికకి అయిదు గంటలు, ఎత్తుకి రెండు గంటల పైన. ఏడు. బాగానే ఉంది కదా?

బాగానే లేదు. నైస్మిత్ లెక్కలో ఆగడం లేదు! నీళ్లకి ఆగాలి, తిండికి ఆగాలి, బూటులో రాయికి ఆగాలి, పేడపురుగుకి ఆగాలి. బరువు మోస్తున్నాం. అలవాటు లేని కాళ్లు. తొమ్మిది గంటలు పెట్టుకోవాలి. ఏడు గంటలే అనుకుని పదింటికి బయల్దేరినవాళ్లకి చివర్లో నిట్టనిలువు దిగుడు పొద్దువాలే వేళకి వస్తుంది. పైగా అది మొదటి రోజే. మూడో రోజు సంగతి ఇందాక చెప్పుకున్నాం.

మీలో కొందరు అనుకుంటున్నారేమో, ఇదంతా గట్టి కాళ్లున్న కుర్రాళ్ల వ్యవహారం అని. ఒక పెద్దావిడ గురించి చెప్తాను. ఎమ్మా గేట్‌వుడ్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఆవిడది. పదకొండుమంది పిల్లల తల్లి. అక్కడ తూర్పు కొండల వెంట అపలాచియన్ ట్రెయిల్ అని కాలిబాట ఉంది, ఇప్పటి లెక్కలో దాదాపు 3,500 కిలోమీటర్లు. 1955లో, 67 ఏళ్ల వయసులో, ఆవిడ ఆ దారి మొత్తం ఒంటరిగా నడిచింది. 146 రోజులు పట్టింది. డేరా లేదు. తనే కుట్టుకున్న గుడ్డ సంచి ఒకటి భుజాన వేసుకుంది. కాన్వాసు బూట్లు. వానకి అడ్డంగా, స్నానాల గదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర.

ఈ కథ చాలామంది చెప్తారు. కానీ దీనికి ముందు ఏడాది జరిగింది అంతగా చెప్పరు. 1954లోనే ఆవిడ ఒకసారి బయల్దేరింది. ఉత్తరం కొసన మొదలుపెట్టింది. కొద్ది రోజులకే దారి తప్పింది, కళ్లజోడు విరిగింది. అడవి సిబ్బంది ఆవిణ్ణి వెతికి పట్టుకుని ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. వెళ్లిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగింది! మర్నాడు మొండిగా మళ్లీ అడవిలోకి పోలేదు. మరుసటి ఏడాది దక్షిణం కొసన, వసంతంలో మొదలుపెట్టింది, పూర్తి చేసింది. ఆ తర్వాత ఆ దారి ఇంకో రెండుసార్లు కూడా పూర్తి చేసింది. 1954లో ఆవిడ వెనక్కి తిరగకపోయి ఉంటే 1955 ఉండేది కాదేమో. నాకైతే ఆ మొదటి ఏడాదే ఎక్కువ ఇష్టం.

దారి తప్పడం అన్నాను కదా. తప్పుతాం. అందరం తప్పుతాం. తప్పామని తెలిసిన మొదటి అయిదు నిమిషాలు ప్రమాదం. కాళ్లు వాటంతటవే వేగం పెంచుతాయి. ఇంకొంచెం ముందుకెళ్తే దారి కనిపిస్తుందిలే అనిపిస్తుంది. కనిపించదు. ఆగి కూర్చోండి. సంచి దించండి, నీళ్లు తాగండి. మనం ఫలానా చోట ఉన్నామని ఖచ్చితంగా తెలిసిన ఆఖరి చోటు ఏది? వంతెనా? గేటా? అక్కడికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఇంకోటి, ఇది అలవాటు చేసుకోండి, దారి చీలే ప్రతిచోటా ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. వెళ్లేటప్పుడు కనిపించే దారి, తిరిగొచ్చేటప్పుడు కనిపించే దారి ఒకటి కాదు. ఫోనులో మ్యాపు ఉందిగా అంటారు. ఉంటుంది. చలికి బ్యాటరీ గబగబా పడిపోతుంది. కాగితం మీద మ్యాపు కూడా ఉంచుకోండి.

ప్రమాదాల గురించి రెండు మాటలు, త్వరగా. దూడలున్న ఆవుల మంద మధ్యలోంచి నడవకండి, దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. మెత్తటి పశువే కదా అనుకోవద్దు, దూడ పక్కన ఉంటే తల్లి ఊరుకోదు. ఉరుము వినబడితే కొండ శిఖరం మీద ఉండకండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి. వాగు దాటేటప్పుడు సంచి నడుము పట్టీ విప్పుకోండి, జారిపడితే సంచి మిమ్మల్ని నీళ్లలోకి లాక్కెళ్లకూడదు. మోకాళ్ల లోతు దాటి వేగంగా పారుతుంటే దాటకండి. ఆగండి. నీళ్లు తగ్గేదాకా ఆగండి, లేదా వెనక్కి రండి. ఇవి చాలు.

ఇంకో సంగతి చెప్పకుండా దిగితే నాకు తృప్తి ఉండదు. మనం నడిచే దారి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇంగ్లండులో కిండర్ స్కౌట్ అని ఒక కొండ ఉంది. పెద్ద భూస్వాములు అక్కడ పక్షుల వేట కోసం అందరికీ దారి మూసేశారు. పక్కనే మాంచెస్టర్, షెఫీల్డ్, పొగ నిండిన ఫ్యాక్టరీల ఊళ్లు. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజు గాలి పీల్చుకుందామంటే కొండ మీద కాపలా. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా కార్మిక కుటుంబాల కుర్రవాళ్లు, ఆ కొండ ఎక్కేశారు. అయిదుగురికి జైలు శిక్ష పడింది. నడకకి వెళ్లి, కాపలావాళ్లతో జరిగిన గొడవ పేరునండీ! ఆ తర్వాత మూడేళ్లకి, 1935లో, టామ్ స్టీఫెన్సన్ అనే పాత్రికేయుడు పత్రికలో రాశాడు, మనకొక పొడవాటి పచ్చని కాలిబాట కావాలి అని. 1949లో అలాంటి బాటలకి వీలు కల్పించే చట్టం వచ్చింది. 1965లో ఆ బాట తెరిచారు. పెన్నైన్ వే. 268 మైళ్లు, సుమారు 430 కిలోమీటర్లు. అది ఈడేల్ ఊళ్లో మొదలై ఆ కిండర్ స్కౌట్ మీదుగానే వెళ్తుంది. ప్రారంభించిన తేదీ ఏమిటో తెలుసా? ఏప్రిల్ 24.

ఆ కొండల మీద నేల మెత్తటి బురద. లక్షల కాళ్లు పడి బాట కరిగిపోతుంటే పెద్ద పెద్ద రాతి పలకలు తెచ్చి పరిచారు. ఎక్కణ్ణుంచి తెచ్చారు? మూతపడ్డ పాత బట్టల మిల్లుల నుంచి. మిల్లుల్లో నేలకి పరిచిన రాళ్లు. ఒకప్పుడు ఆ రాళ్ల మీద రోజంతా నిలబడి పనిచేసినవాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు అవే రాళ్ల మీద గాలిలో నడుస్తున్నారు. నేను చెప్పిన శాంతియాగో దారిలోనూ అంతే. దారంతా పసుపు బాణాలు ఉంటాయి. 1980ల్లో ఎలీయాస్ వలీన్యా అనే పల్లెటూరి ఫాదరీ ఒకాయన, రోడ్డు పనుల్లో మిగిలిన రంగు డబ్బాలు పట్టుకుని, చెట్ల మీద, రాళ్ల మీద తన చేత్తో గీయడం మొదలుపెట్టాడు. పొలం గట్టు మీద నడిచేటప్పుడు గేటు తీస్తే మళ్లీ వేయండి. పైరు తొక్కకండి. దారిని ఇంతమంది మనకి ఇచ్చి వెళ్లారు, వెనక వచ్చేవాళ్లకి దాన్ని మూయించే పని మనం చేయకూడదు.

టైమ్ అయిందంటున్నారు. అయిదు నిమిషాలివ్వండి, ఆవిడకి మాటిచ్చాను.

అమ్మా, మీ బూట్లు. పొద్దున కొన్నారా, సాయంత్రం కొన్నారా? పొద్దునా... అదే నేను భయపడింది. రోజంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది. సాయంత్రం, మీరు నడకలో వేసుకునే మేజోళ్లతోనే కొలుచుకోవాలి. మీ పొడవాటి వేలికీ బూటు ముందు అంచుకీ మధ్య బొటనవేలంత చోటు ఉండాలి. లేకపోతే కొండ దిగేటప్పుడు ప్రతి అడుగుకీ వేలి గోరు ముందుకి గుద్దుకుంటుంది, అయిదో రోజుకి నల్లబడుతుంది. వారమే ఉందన్నారు. రేపట్నుంచి ఇంట్లో వేసుకునే తిరగండి. ఎల్లుండి సంచిలో పుస్తకాలు వేసుకుని ఒక గంట, ఆ తర్వాత రెండు గంటలు. అందులో ఎక్కడైనా వేడి తెలిస్తే ఆ బూట్లు ఇక్కడే ఉంచి పాత బూట్లతో వెళ్లండి. పాత బూట్లు అందంగా లేకపోయినా మీ పాదం వాటికి తెలుసు. గోళ్లు తిన్నగా కత్తిరించుకోండి. మొదటి రోజు ఎంత దూరం పెట్టుకున్నారు?

ఇరవై ఎనిమిదా? మధ్యలో ఊరేదైనా ఉందా? పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఉందా... అయితే అక్కడ ఆగండి. పది రోజులు పదకొండవుతాయి, అవనివ్వండి. ఆ కొత్త జత ఇప్పుడు కాళ్లకే ఉన్నట్టుంది కదా. ఇలా కుర్చీ మీద కూర్చుని లేసులు వదులు చేయండి, వేళ్ల దగ్గర ఎంత చోటుందో చూద్దాం.